వెనకవైపు వెండి గీత

కోస్తే కోయనీ, ఆ రంపం తన గుండె మీదేమీ ఆడటం లేదు కదా, అని ఒడీల్ తనకు తనే సర్దిచెప్పుకుంది, కానీ గెడియన్ రంపం లాగినప్పుడల్లా ఆమె పళ్లు జివ్వుమంటున్నాయి, బల్ల మీద బిగించి ఉన్నది జలాంతర్గామి కోసం నిన్న తను అతికి, తనే అనుమానపడి, ఎవరినీ అడక్కుండా పైపునుంచి కోసి తీసేసిన అతుకు, దాన్ని నిలువునా చీల్చి లోపల వెండి నిండిందో లేదో షెడ్డు షెడ్డంతటికీ చూపిస్తానని ఫోర్‌మన్ గెడియన్ పంతం పట్టాడు, నిండకపోతే సరే, నిండి ఉంటే మాత్రం యుద్ధానికి కావలసిన వెండిని దండగ చేసినందుకు అతుకులు వేసే గ్యాసు మంట టార్చి ఇక్కడ పెట్టేసి పోవడమే, పోయేది ఎక్కడికి, మళ్లీ ఆ సార్డీన్ల ఫ్యాక్టరీకే, కత్తెరతో చేపల తలలు కత్తిరించుకుంటూ, వారమంతా ఒంటికి పట్టిన కంపు ఆదివారం గుడికి కూడా వెంట తెచ్చుకుంటూ.

అమెరికాలో ఈ మెయిన్ రాష్ట్రపు తీరంలో పైపుల షెడ్డులో టార్చి పట్టిన మొదటి ఆడది తను, ఊరికే పట్టలేదు, ఇత్తడి గూటి లోపలి గాడిలో వెండి ఉంగరం కూర్చుని ఉంటుంది, వెలిగారం పూసి పైపు దూర్చి మంట తిప్పుతూ ఉంటే వెలిగారం నీళ్లలా కరుగుతుంది, అప్పుడు లోపలి వెండి కదులుతుంది, సందంతా నిండి అంచు దగ్గర సన్నటి గీతగా బయటికి తొంగిచూస్తుంది, ఆ గీత చుట్టూ కనబడిందంటే లోపల నిండినట్టే, అది చూసిన ప్రతిసారీ ఒడీల్‌కి పట్టరాని గర్వం, కంసాలి కొట్లో వెండి చెంచా లేదిప్పుడు, ఉన్నదంతా విమానాల ఇంజన్లకీ ఓడల పైపులకీ పోతోంది, లోకంలో పెళ్లికూతుళ్లకి వెండి లేదు గానీ మా ఒడీల్ పైపులకి ఉంగరాలు తొడుగుతోందమ్మా అని అమ్మ ఇరుగుపొరుగుతో ఎగతాళిగా అంటూనే మురిసిపోతుంది, పళ్లు జివ్వుమంటున్నాయి, ఇంకా సగం కూడా తెగలేదు.

నిన్న ముందువైపంతా గీత ఉంది, గోడవైపున అద్దం పెట్టి చూస్తే లేదు, నల్లగా ఉంది, బయటినుంచి కాస్త వెండి కడ్డీ అంటించవే, గీత అదే వస్తుంది, ఎవరొచ్చి చూస్తారు అంది పక్కన పనిచేసే హేజెల్, చెడ్డది కాదు హేజెల్, తొందర మనిషి, కానీ పైన అంటించిన గీత లోపలి ఖాళీని కప్పెడుతుంది, జలాంతర్గామిలో పనిచేసే తమ్ముడు ఆర్మాన్ సెలవుకొచ్చినప్పుడు అన్నాడు, నా పడక పక్కనే ఓ పైపు ఉందక్కా, దానికే వీపానించి పడుకుంటా, నువ్వతికిందే అనుకుంటా అని, అది వేరే పడవ, వేరే ఎవరో అతికారు, వాళ్లు పైపైన అంటించారో నిజంగా అతికారో దేవుడికే తెలియాలి, అంతే, ఒడీల్ రంపం తీసుకుంది.

తెగింది, రెండు చెక్కలూ బల్ల మీద పడ్డాయి, అందరూ వంగారు, లోపల చుట్టూరా తెల్లగా వెండి, ఎక్కడా వెంట్రుకంత సందు లేదు, గెడియన్ వెనకవైపు నల్లటి చోట సుత్తితో తట్టాడు, గాజులా పెళుసుబారిన వెలిగారం పెచ్చు ఊడింది, దాని కింద గీత, చూశావా తల్లీ, వేడినీళ్లతో కడిగితే పోయేదానికి రంపం పెట్టావ్, బంగారంలాంటి అతుకు, దండగ చేశావ్ అన్నాడు, అవునండీ, కడగలేదు, తప్పు నాదే అంది ఒడీల్, మరి రేపు మళ్లీ అనుమానమొస్తే ఏం చేస్తావ్, మిమ్మల్నే అడుగుతానండీ అంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది, హేజెల్ వెనకనుంచి మోచేత్తో పొడుస్తోంది, అనవే అని.

కడుగుతానండీ, కడిగాక కూడా గీత కనబడకపోతే కోసేస్తాను అంది ఒడీల్, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, గెడియన్ టార్చి తీసుకోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు, పనులు చూసుకోండర్రా అని అందరినీ కసిరి వెళ్లిపోయాడు, పొమ్మంటే పోతుంది, ఆ చేపల కత్తెర పట్టుకోవడం చేతులు మరిచిపోలేదు, కానీ లోపల చుట్టూరా నిండిన ఆ తెల్లదనం తన చేతులు చేసిందే, అనుమానపడి కోసిందీ ఆ చేతులే, రెండిటికీ సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇక ఎక్కడ ఏ పని చేసినా తను వెండి అతికే మనిషే.