ఎత్తిన చేతులు

అద్దె పెంచే ముందు అద్దెకున్నవాళ్ళ అభిప్రాయం అడుగుతారని తెలిసి ఖాజాబీ మొదట సంతోషపడింది. సౌదీలో, అల్ అజీజియా పేటలోని ఆ ఐదంతస్తుల బిల్డింగులో వాళ్ళు దిగి చాలా ఏళ్ళయింది గానీ, ఇంతవరకు వాళ్ళను ఏ సంగతీ అడిగినవాళ్ళు లేరు. లిఫ్టు ఆగిపోయినప్పుడు ఎవరూ అడగలేదు. పైన ట్యాంకు తుప్పుపట్టి కుళాయిలో ఎర్రటి నీళ్ళు రావడం మొదలైనప్పుడూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతామంటున్నారు.

ఖాజాబీది రాయచోటి. ఆమె, భర్త ఖలందర్ మొదట్లో ఒకే సౌదీ ఇంట్లో పనిచేశారు. ఆమె వంటమనిషి, ఆయన డ్రైవరు. తర్వాత ఖలందర్ ఒక కంపెనీలో కుదిరాక ఆమె ఇంటిపట్టునే ఉండి, పై అంతస్తులోని మగవాళ్ళకు రొట్టెలు, కూర చేసి పెడుతోంది. వాళ్ళంతా జగిత్యాల, నిర్మల్ వైపు మనుషులు. వాళ్ళలో పెద్దవాడు దేవన్న, బిల్డింగులకు రంగులేసే పని. నాగేందర్ ఏసీ మెకానిక్కు. సాయంత్రం క్యారియర్లు తీసుకుపోవడానికి వచ్చిన నాగేందర్‌కు ఈ సంగతి ఖాజాబీయే చెప్పింది.

"మనల్ని అడిగినాకే పెంచుతారంట నాగేందర్. శుక్రవారం మీటింగు పెట్టినారు."

"అడుగుతరు గనీ ఇంటరా అక్కా?" అన్నాడు నాగేందర్.

"వినకుండా యాడికి పోతారు? మనం చెప్పాల్సింది మనం చెప్పాల గదా."

శుక్రవారం నమాజు అయ్యాక కింద కార్లు పెట్టుకునే చోట కుర్చీలు వేశారు. బిర్యానీ పొట్లాలు వచ్చాయి. మీటింగు మగవాళ్ళకే అనుకున్నారందరూ. ఆడవాళ్ళు రాలేదు. ఖాజాబీ మాత్రం దుపట్టా సవరించుకుని వచ్చి ఖలందర్ పక్కన నిలబడింది. ఇంట్లో నీళ్ళు పట్టేది తనైతే, నీళ్ళ సంగతి ఇంకెవరు చెబుతారని ఆమె వాదన.

బిల్డింగును చూసుకునే కంపెనీ తరఫున మేనేజరు అఖీల్ వచ్చాడు. హైదరాబాదు మనిషి. పాకిస్తానీలతో ఉర్దూలో, వీళ్ళతో తెలుగులో చక్కగా మాట్లాడతాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం.

"చూడండి, దీన్ని కన్సల్టేషన్ అంటారు. మీ ఒపీనియన్ తీసుకోకుండా ఏదీ ఫైనల్ చెయ్యం. రెంట్ మూడో వంతు పెంచాలని ప్రపోజల్ ఉంది. జస్ట్ ప్రపోజల్. మీరు ఓపెన్‌గా మాట్లాడండి" అన్నాడు.

మొదట దేవన్న లేచాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడాడు.

"సార్, పొద్దంత గోడలకు రంగులేసి అస్తం. లిఫ్టు లేకపాయె. ఐదంతస్తులెక్కేసరికి నా మోకాళ్ళు పనిజేస్తలేవు. ఉన్నదాన్ని బాగుజెయ్యకుంట కిరాయి ఎట్ల పెంచుతరు? మేమెట్ల కట్టాలె?"

"వెరీ గుడ్ పాయింట్" అన్నాడు అఖీల్ తల ఊపుతూ.

తర్వాత ఒక పాకిస్తానీ మాట్లాడాడు, ఒక బంగ్లాదేశీ మాట్లాడాడు. అందరిదీ ఒకే మాట, ముందు బాగుచేయండి అని. ఖాజాబీ నీళ్ళ సంగతి ఎత్తింది. "తెల్లగుడ్డ ఉతికితే ఎర్రగా అవుతాది సార్. ఆ నీళ్ళతోనే బిడ్డలకు స్నానాలు చేయిస్తాండారు."

"ఇది సీరియస్. ఎంతమందికి ఇలా వస్తోంది? చేతులెత్తండి. ఫోటో తీసి ఓనర్‌కి పంపిస్తాను" అన్నాడు అఖీల్.

అందరూ చేతులెత్తారు. ముందు వరసలో ఖాజాబీ అందరికంటే పైకి ఎత్తింది. అఖీల్ ఫోనుతో ఫోటోలు తీసుకున్నాడు. మాట్లాడిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పి, కారెక్కి వెళ్ళాడు. ఇంటికి వచ్చాక ఖాజాబీ, "మంచోడే, బాగా విన్యాడు" అంది భర్తతో.

కొద్ది రోజులకు పనిచేయని లిఫ్టు తలుపు మీద ఒక నోటీసు వెలిసింది. అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంది. పైన రంగుల్లో ఫోటో. ఫోటోలో ఖాజాబీ, చెయ్యెత్తి, నవ్వుతూ.

పనినుంచి వచ్చిన నాగేందర్‌ను ఆపి చదవమంది. అతను ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివాడు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాడు.

"ఏమని రాసినారు?"

"అద్దెకున్నోళ్ళందరితోటి మాట్లాడినమని రాసిన్రక్కా. కిరాయి పెంచుడు మనందరికి సమ్మతమేనట. చేతులెత్తి ఒప్పుకున్నమట. వచ్చే నెల సంది కొత్త కిరాయి."

ఖాజాబీకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలోకి రక్తం పొంగింది. పెంచాలనుకుంటే పెంచుకోవచ్చు, బిల్డింగు వాళ్ళది. ఇష్టం లేనివాళ్ళు ఖాళీ చేసి పోవాల్సిందే, అది ఆమెకు తెలుసు. కానీ తన చెయ్యి? వద్దని చెప్పడానికి మీటింగుకు వెళ్ళిన తన చేతే అవునని చెప్పించారు. మెట్లెక్కి పోయే ప్రతివాడూ ఆ ఫోటో చూస్తూ పోతున్నాడు. రెండో అంతస్తు పాకిస్తానీ భార్య అయితే, "నువ్వు ఒప్పుకున్నావా?" అని అడిగేసింది కూడా.

మరుసటి రోజు ఖలందర్‌ను, నాగేందర్‌ను వెంటబెట్టుకుని ఖాజాబీ అఖీల్ ఆఫీసుకు వెళ్ళింది. అఖీల్ కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"నీళ్ళ కోసం చెయ్యెత్తమంటివి గదా సార్? ఇదేంది మరి?"

"ఖాజాబీ గారూ, అది జస్ట్ ఫార్మాలిటీ. ఓనర్‌కి ఏదో ఒకటి చూపించాలి కదా. ఎలాగూ పెరగాల్సిందే."

"ఎట్లాగూ పెరగాల్సిందే అయితే మమ్మల్ని ఎందుకు పిలిచినావు? బిర్యానీ పెట్టి ఎందుకు మాట్లాడించినావు?"

"కొంచెం మెల్లగా మాట్లాడండి. ఇది ఆఫీసు."

"మెల్లగానే మాట్లాడినా ఆ పొద్దు. అందుకే ఇట్లా చేసినావు."

అఖీల్ నవ్వు కొంచెం తగ్గింది. ఖలందర్ వైపు తిరిగాడు. "ఖలందర్ భాయ్, ఫ్యామిలీలకు నేను వేరేగా చూస్తాను. మీకు పాత రెంటే ఉంచుతాను, ఒక కాగితం మీద సైన్ చేసి వెళ్ళండి చాలు. పైన బ్యాచిలర్స్ గొడవ మీకెందుకు? అసలు ఒక్కో రూములో రూల్‌కి మించి ఎంతమంది ఉంటున్నారో నేను చెక్ చేయించానంటే వాళ్ళు ఎక్కడుంటారు?"

పక్కనే ఉన్న నాగేందర్ నేల వైపు చూశాడు. అఖీల్ అతని ముందే, అతను అక్కడ లేనట్టే, ఆ మాట అన్నాడు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలు గొడవపడ్డారు.

"సంతకం పెడదాం ఖాజా. మనకు పెరగదు. అంతకంటే ఏం కావాల?" అన్నాడు ఖలందర్.

"పైనోళ్ళ కడుపుకు రోజూ రొట్టె పెడతాండా. ఇప్పుడు వాళ్ళ నెత్తిన బండ పెట్టి మన సంతకం మనం చేసుకోవాల్నా?"

"వాళ్ళను వెళ్ళగొట్టేది మనమా?"

"మనం విడిపోతే చాలు. మిగిలింది ఆ మారాజు చూసుకుంటాడు. ముందు నా చెయ్యి వాడుకున్యాడు, ఇప్పుడు నీ చెయ్యి అడుగుతాండాడు. ఇస్తావా?"

ఖలందర్ మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళలేదు. కాగితం మీద సంతకమూ పెట్టలేదు.

ఈలోగా పైన భయం మొదలైంది. చెకింగు అన్న మాట గదిగదికీ పాకింది. దేవన్న మీటింగులో అందరికంటే ముందు మాట్లాడినవాడు. తనవల్లే మిగతావాళ్ళ మీదికి వస్తుందని ఆయనకు అనిపించింది. ఆయన కంపెనీకి దూరంగా, ఉత్తరాన హాయిల్ ఊళ్ళో ఒక పని ఉంది. చలికి భయపడి ఎవరూ వెళ్ళరు అక్కడికి. దేవన్న తనంతట తానే అడిగి ఆ పని వేయించుకున్నాడు. పెట్టె మోసుకుని మెట్లు దిగి, ఖాజాబీ గుమ్మం ముందు ఆగాడు.

"పోతున్న చెల్లె. ఇన్నేండ్లు నీ చేతి బువ్వ తిన్న."

"నువ్వేం తప్పు చేసినావని పోతాండావు దేవన్నా? నాలుగు రోజులు ఆగు."

"నా తోని పోరగాండ్లకు తిప్పలెందుకు? ఒక్కడు తగ్గితె గదిల జాగ సుత అయితది" అని దేవన్న పెట్టె ఎత్తుకుని కుంటుతూ వీధిలోకి వెళ్ళాడు. అంత ఓర్పుగా వెళ్తున్న మనిషిని చూసేసరికి ఖాజాబీకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

కింద బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే మలయాళీని అడిగితే అసలు యజమాని ఎవరో తెలిసింది. ఆమె పేరు ఉమ్ సాలెహ్. దమ్మాంలో ఉంటుంది. భర్త పోయాక బిల్డింగును కంపెనీకి అప్పజెప్పిందట. యజమాని ఆడమనిషని తెలియగానే ఖాజాబీ మొహానికి నఖాబు ముసుగు కట్టుకుంది. "కారు తియ్యి" అంది ఖలందర్‌తో. ఈసారి ఆయన వాదించలేదు.

దమ్మాంలో ఆ ఇంటి ఆడవాళ్ళ గదిలో ముసలామె దిండ్లకు ఆనుకుని కూర్చుంది. పక్కన చేతికర్ర. పనిమనిషి గహ్వా కాఫీ పోసి ఇచ్చింది. వంటింట్లో నేర్చుకున్న అరబ్బీతో ఖాజాబీ తాను ఎవరో, ఎక్కడ ఉంటుందో చెప్పింది.

"మీ ఫోటో నాకు పంపారు. అందరూ ఒప్పుకున్నారని చెప్పారు. నవ్వుతున్నారు కదా అందరూ?" అంది ఉమ్ సాలెహ్.

"తిండి పెట్టారమ్మా, నవ్వాం. ఎర్రనీళ్ళు ఎవరికి వస్తున్నాయంటే చేతులెత్తాం. అద్దె సంగతి చేతులెత్తి చెప్పమని మమ్మల్ని ఎవరూ అడగలేదు."

"లిఫ్టు బాగుచేయించారు, ట్యాంకు మార్చారు. ఆ ఖర్చు నేను ఇచ్చాను. అందుకే అద్దె పెంచమన్నాను."

"ఏ లిఫ్టు? ఆ లిఫ్టు తలుపు మీదే మా ఫోటో అంటించారు."

ముసలామె మొహం ముడుచుకుంది. "నా ఇంటికొచ్చి నన్నే నిలదీస్తున్నావా? అద్దెకున్నవాళ్ళు ఎప్పుడూ ఇలాగే చెబుతారు."

ఖాజాబీ గహ్వా కప్పు కింద పెట్టింది. "నా చేతిని తీసుకుని అబద్ధం చెప్పించారు. ఆ అబద్ధం మీ పేరు మీదే చెప్పారు. నేను ఎవరి దగ్గరికి పోవాలి? నా మాట నమ్మొద్దు. ఒక్కసారి వచ్చి మీ కళ్ళతో చూసి, అప్పుడు నన్ను తిట్టండి."

ఉమ్ సాలెహ్ వస్తాననలేదు, రాననలేదు. మర్యాదగా ఖర్జూరాలు కట్టించి పంపింది.

కానీ ముసలామె వచ్చింది. మనవడు కారు నడుపుతుండగా, ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం వచ్చి దిగింది. లిఫ్టు మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. లోపలినుంచి చప్పుడు లేదు. మెట్ల వైపు చూసింది, తన వల్ల కాదని తెలిసి అక్కడే కుర్చీ వేయించుకుంది. ఖాజాబీ కుళాయి నీళ్ళు గిన్నెలో పట్టి తెచ్చి ముందు పెట్టింది. ఒక్కొక్కరే కిందికి దిగారు. ఆడవాళ్ళూ వచ్చారు ఈసారి.

కబురందుకున్న అఖీల్ చెమటలు కక్కుతూ పరుగున వచ్చాడు. అరబ్బీలో ఏదో చెప్పబోయాడు. ఉమ్ సాలెహ్ చేతికర్రను నేలకేసి కొట్టింది.

"నేను డబ్బిచ్చిన లిఫ్టు ఏది? ముందు అది చూపించు. ఇంకేమీ మాట్లాడొద్దు."

అందరి కళ్ళముందూ ఒక్క జవాబూ దొరకని ఆ మనిషిని ఖాజాబీ తనివితీరా చూసింది. జాలి కలగలేదు ఆమెకు.

ఉమ్ సాలెహ్ దయామయి ఏమీ కాదు. లిఫ్టు, ట్యాంకు బాగయ్యేదాకా పాత అద్దె, తర్వాత మాత్రం పెంచక తప్పదు, ఎంతన్నది వచ్చి తానే మాట్లాడతానని చెప్పింది. పై అంతస్తువాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళొద్దంది. నోటీసును మనవడి చేత చింపించింది. కొన్నాళ్ళకు అఖీల్‌ను వేరే చోటికి మార్చారని తెలిసింది. పని మాత్రం పోలేదు. అక్కడ కూడా మీటింగులు పెడుతూనే ఉంటాడు.

ట్యాంకు దించుతున్న రోజున ఖాజాబీ హాయిల్‌కు ఫోను చేసింది.

"దేవన్నా, వచ్చేయి. పాత అద్దే. నీ మంచం అట్లనే ఉండాది."

"యాడికొస్త చెల్లె? ఈడ సైటు ఒడిసెదాక ఇడువరు. సంతకం తీసుకున్నరు" అన్నాడు దేవన్న. దగ్గుతున్నాడు. "మంచిగైందని నాగేందర్ చెప్పిండు. సంబరమైంది. మీరు పైలం."

ఫోను పెట్టేశాక ఆమె వంటింట్లోకి వెళ్ళి రొట్టెల పిండి కలపసాగింది. ఖలందర్ వెనకనుంచి వచ్చి, "ఇంకా ఎందుకు మొహం అట్లా పెట్టుకున్యావు? గెలిచినాం గదా" అన్నాడు.

"నిజం మాట్లాడినాయన చలిలో ఉండాడు. అబద్ధం రాసినోడు ఇంకో ఆఫీసులో ఏసీ కింద కూర్చున్యాడు. గెలిచినామని నాతో చెప్పొద్దు" అంది ఖాజాబీ. పొయ్యి మీద పెనం పెట్టి పిండి ముద్దను బలంగా అదిమింది. పైనవాళ్ళు పనినుంచి వచ్చే వేళయింది.