నోరున్న ఎడిటర్

"వచ్చే సోమవారం నుంచి అందరం ఒకే ఎడిటర్‌లో రాద్దాం," అని టీమ్ లీడర్ మీటింగులో ప్రకటించాడు. ఏ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో స్టాపుల్లోని బోర్డుల మీద చూపించే ప్రోగ్రాము వాళ్లది. దాన్ని రాసేవాళ్లు ఆరుగురు, రాయడానికి వాడే ఎడిటర్ సాఫ్ట్‌వేర్లు ఆరు. తను ఎంచుకున్నదాన్ని అతను తెర మీద చూపిస్తుంటే, రంగులు భలే ఉన్నాయన్నారు అందరూ.

ఆ ఆరుగురిలో ఒకరైన ఆమెకు రంగులతో పనిలేదు. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చెవిలో మాట్లాడుతుంటే, వేళ్లు తమ పని తాము చేసుకుపోతాయి. పదకొండేళ్లుగా అక్కడే ఉద్యోగం. తను వాడే పాత ఎడిటర్‌ను తయారుచేసినవాళ్లే పట్టించుకోవడం మానేశారు కాబట్టి, మార్చక తప్పదని ఆమెకూ తెలుసు.

"నాకు వారం టైమివ్వండి. ఏది పనికొస్తుందో చూసి చెప్తాను," అంది.

"ఇది అందరికీ పనికొస్తుందని వాళ్లే రాశారుగా?"

"అమ్ముకునేవాళ్లు పనికిరాదని ఎందుకు రాస్తారండీ! వాడి చూస్తేనే కదా తెలిసేది."

అతను నవ్వేశాడు. వారం ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మామగారిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన నలభై ఏళ్లు టైపు నేర్పి రిటైరైన మాస్టారు. కీబోర్డు వైపు దొంగచూపులు చూసే పిల్లల చేతుల మీద రుమాలు కప్పేసిన మనిషి.

"మామయ్యా, తెర మీద ఏముందో మీరు చదవండి. ఇది నా చెవిలో ఏమంటోందో నేను చెప్తాను. రెండూ కలుస్తాయో లేదో చూద్దాం."

"కాఫీ ఇస్తే కళ్లద్దాలు కూడా పెట్టుకుని చదువుతా," అన్నాడాయన.

మొదట లీడర్ మెచ్చిన ఎడిటర్ తెరిచింది. కింది బాణం నొక్కింది. 'ఖాళీ' అంది సాఫ్ట్‌వేర్. మళ్లీ నొక్కింది. 'ఖాళీ.'

"ఖాళీ ఏమిటమ్మాయ్! తెర నిండా రాతే ఉంటే!"

"దీనికి నోరు పెగలట్లేదు మామయ్యా."

రెండోదానికి నోరు మూతపడలేదు. ఒక్క అక్షరం కొడితే చాలు, ఇది రాయబోతున్నారా, అది రాయబోతున్నారా అంటూ పది మాటలు గుక్కతిప్పుకోకుండా వినిపించింది. ఆ గోలలో తను కొట్టిన అక్షరం ఆమెకే వినపడలేదు. సెట్టింగుల్లో ఆ సూచనలు ఆపేస్తే, తప్పులు చెప్పడం కూడా మానేసింది.

"అలిగింది," అన్నాడు మామగారు.

మూడోది ఆయనకు నచ్చలేదు. "గోడకు సున్నం వేసి రంగు మర్చిపోయినట్టుంది," అని పెదవి విరిచాడు. కానీ ప్రతి వరస ముందు ఎన్ని ఖాళీలున్నాయో అది లెక్క చెప్పి, ఆ తర్వాతే రాత చదివింది. వాళ్ల ప్రోగ్రాములో ఏది దేని కిందికి వస్తుందో తేల్చేవి ఆ ఖాళీలే. అడిగితేనే సూచనలిచ్చింది. తప్పున్న వరస దగ్గర చిన్నగా 'టిక్' మంది.

"మీకిష్టమైన చోట ఒక ఖాళీ ఎక్కువ కొట్టండి," అంది మామగారితో. ఆయన కొట్టాడు. ఆమె బాణాలు నొక్కుకుంటూ పోయి, "ముప్పై ఒకటో వరస," అంది.

ఆయన తెర దగ్గరికి ముఖం పెట్టి వెతికాడు. "అయ్యుండొచ్చు. ఎక్కడ కొట్టానో నేనే మర్చిపోయా!"

ఇంతలో ఒక చిక్కొచ్చింది. ఏదైనా మాట వెతికితే ఎడిటర్ అక్కడికి వెళ్లేది గానీ, వెళ్లినట్టు చెప్పేది కాదు. ఆమె శనివారమంతా సహాయం పేజీలు వింటూ కూర్చుంది. సాయంత్రానికి ఆ చిక్కు విడదీసే సెట్టింగు దొరికింది. దాని పక్కనే, తను వెతకని ఇంకో సంగతి కూడా దొరికింది.

సోమవారం పొద్దున్నే లీడర్ బల్ల దగ్గరికి వెళ్లింది. "అందరికీ ఒకే ఎడిటర్ ఎందుకనుకున్నారు?"

"వరస జరపడానికి ఒకరు ట్యాబ్ మీట కొడతారు, ఒకరు ఖాళీలు కొడతారు. ఫైళ్లు కలిపేసరికి గందరగోళం. పోయిన నెల రెండు రోజులు దానికే తగలబడ్డాయి."

"అంటే మీక్కావాల్సింది ఫైళ్లు ఒకేలా ఉండటం. ఎడిటర్లు కాదు కదా?"

అవునన్నాడతను. ఖాళీలు ఎన్నుండాలో రాసిన చిన్న ఫైలును ప్రాజెక్టులో పెడితే ఎడిటర్లే దాన్ని చదువుకుని పాటిస్తాయని ఆమె చెప్పింది. ప్రోగ్రాములోని ఒకే ముక్కను అతను తన ఎడిటర్‌లో, ఆమె తన మూడోదాంట్లో రాశారు. పోల్చి చూస్తే ఒక్క చుక్క తేడా లేదు.

"ఈ మాట మొదటి రోజే చెప్పొచ్చుగా!"

"మొదటి రోజు నాకూ తెలియదు. శనివారమే తెలిసింది."

అతను ఆమె ఇయర్‌ఫోన్ అడిగి చెవిలో పెట్టుకున్నాడు. అర నిమిషం విని తీసేశాడు. "ఇది మాటలేనా? వడగళ్లు పడుతున్నట్టుంది!"

"మీ కోసం వేగం తగ్గిస్తాలెండి."

"వద్దులే, నా రంగులు నాకుండనివ్వు," అంటూ, ఎవరికి నచ్చిన ఎడిటర్ వాళ్లు వాడుకోవచ్చని అక్కడికక్కడే అందరికీ మెయిలు పెట్టాడు. కింద ఆమె కనిపెట్టిన ఫైలును జతచేశాడు.

ఆమె తన సీటుకు వచ్చేసరికి ఒక ఫిర్యాదు ఎదురుచూస్తోంది. ఏదో స్టాపులో బోర్డు, బస్సు మైనస్ రెండు నిమిషాల్లో వస్తుందని చూపిస్తోందట.

"వెళ్లిపోయిన బస్సును వెనక్కి పిలుస్తోందన్నమాట," అని నవ్వుకుని, ఆమె ఫైలు తెరిచింది.