సర్దారుగారి కుడిపాదం

సముద్రాల అవతలి దీవిలో, సెయింట్ పియర్ చెరకు తోటల్లో కూలీలపై పెత్తనం చేసే సర్దారు జోసెఫ్ వీరాస్వామిగారు ఇరవై ఏళ్ళుగా ఒక్క ప్రసంగమూ వదలని భక్తశిఖామణి. ఎక్కడ నిట్టూర్చాలో, ఎక్కడ కళ్ళొత్తుకోవాలో సంఘమంతా ఆయనను చూసే నేర్చుకునేది.

క్రీస్తు శిష్యుల కాళ్ళు కడిగినందుకు గుర్తుగా పవిత్ర గురువారంనాడు ఫాదర్ పన్నెండుగురి కుడిపాదాలు కడుగుతారు. ఆ పన్నెండు కుర్చీలలో మొదటిదానికై సర్దారుగారిది చిరకాల తపస్సు. కాళ్ళు కడగడమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? పెళ్ళిలో అల్లుడి కాళ్ళు మామ కడుగుతాడు. గొప్పవాడెవడో ఆ పళ్ళెంలోనే తేలిపోతుంది. అందరూ 'మోంపేర్' అని పిలిచే తెల్ల ఫాదర్ జీన్ తన ముందు మోకరిల్లితే తోటంతటికీ ఆ సంగతి తేలాలి.

పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఆ కుర్చీ దక్కింది. భార్య నర్సమ్మ మూడు రోజులు ఆయన మడమలు తోమింది, ముందుజాగ్రత్తగా ఎడమదీ.

"కడిగేది మోంపేర్ కదయ్యా, మధ్యన నేనెందుకు?"

"మురికికాలు చాపడానికి నేను కూలివాడినటే?"

కూలివాడు పన్నెండో కుర్చీలో ఉన్నాడు. చెరకు నరికి నేరుగా వచ్చిన గోపాలు, మోకాళ్ళదాకా ఎర్రమట్టి.

"మీలో పెద్దవాడు అందరికీ సేవకుడు కావాలి," అని ఫాదర్ అక్కడి క్రియోల్ భాషలో బోధించారు. సర్దారుగారు సరిగ్గా అక్కడే కళ్ళొత్తుకున్నారు. పిమ్మట పెళ్ళికొడుకు ఠీవితో పాదం చాచి, నీళ్ళు పడగానే అలవాటుగా ఫాదర్ నెత్తిన చేయిపెట్టి ఆశీర్వదించారు.

పదకొండో పాదం కడిగేసరికి వృద్ధుడైన ఫాదర్‌కు నడుము పట్టేసింది. చెంబు మొదటి కుర్చీ వైపు చాచారు.

"వీరాస్వామీ, గోపాలు కాలు నువ్వు కడుగు, నాయనా."

సర్దారుగారు కుర్చీలో మరింత నిటారయ్యారు.

"మోంపేర్! వీడికి నేను పిల్లనివ్వలేదే!"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. గోపాలు లేచి, ఫాదర్‌ను తన కుర్చీలో కూర్చోబెట్టి, చెంబు అందుకుని, ఆ ముసలి పాదం మెల్లగా కడిగాడు.

సర్దారుగారికి ప్రాణం లేచివచ్చింది. తక్కువవాడు కడిగాడు, లోకం నిలిచింది. మళ్ళీ కళ్ళొత్తుకున్నారు.

బయటికి వస్తూ, "ప్రసంగం ఇన్నాళ్ళకు గోపాలుకు అర్థమయిందే," అన్నారు తృప్తిగా.

"అవునయ్యా," అంది నర్సమ్మ. "వాడొక్కడికే."

సర్దారుగారికి 'అవును' వరకే వినబడింది.