పంటి మీద రెండు గీతలు

పొద్దున్నే ఎవరి పళ్ళో తోముతూ కూర్చోవడం నా ఉద్యోగం. మెత్తటి కుంచె, గిన్నెలో నీళ్ళు, ఎదురుగా నాలుగువేల ఏళ్ళనాటి దవడ. "ఇంట్లో బతికున్నవాళ్ళకి టీ దిక్కులేదు, అక్కడ చచ్చినవాళ్ళకి పళ్ళు తోముతుంది," అంటాడు మా ఆయన కిలొంజో, వచ్చినవాళ్ళందరి ముందూ. నేను పెట్టిచ్చిన టీ తాగుతూనే అంటాడు, అదీ విడ్డూరం.

ఈ దవడ మా ఉకంబాని కొండల్లో దొరికింది. మ్యూజియంలో మా పెద్దాయన డాక్టర్ ముసియోకా కూడా మా కంబా తెగ మనిషే. ముందుపంటి అంచున అరుగుడు గీత చూడగానే పొంగిపోయాడు. "చూశావా సియొంబువా! జంతువు నరాన్ని పళ్ళతో పట్టుకుని వింటినారి పేనాడు. అచ్చం మన తాతలే. వేటగాడు!" అప్పుడే బోర్డు కూడా రాయించేశాడు. ఇవాళ మధ్యాహ్నం అద్దాలపెట్టె మీద బిగిస్తారు.

నేను మళ్ళీ కుంచె అందుకున్నాను. కానీ ఆ గీత మీద కుంచె ఆడిస్తుంటే నా నోట్లో కిత్తనార చేదు. ఉమ్మేసి కడుక్కున్నా పోలేదు. నా దవడ దానంతటదే ముందుకొచ్చి, పళ్ళు అక్కడ లేనిదాన్ని దేన్నో కరిచి పట్టుకున్నాయి.

కిందటి వారం అచ్చులు తీసే కొత్త ముద్ద వస్తే, గడ్డకడుతుందో లేదో చూద్దామని నా పళ్ళకే వేసి చూశాను. ఆ అచ్చు సొరుగులో ఉంది. తీసి దవడ పక్కన భూతద్దం కింద పెట్టాను. అమ్మో! అదే పన్ను, అదే చోటు, అవే రెండు గీతలు. ఒకటి కుడికి వాలి ఉంది. దాని మీదుగా ఇంకోటి తిన్నగా.

ఆ వాలు ఎందుకొస్తుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. కియొండో బుట్టకి నార పేనాలంటే రెండు చేతులు కావాలి. ఎడమచేతిలో పిల్ల పాలు తాగుతుంటే మిగిలేది ఒక్క చెయ్యే. నారకొస పళ్ళమధ్య పెట్టి కుడివైపుకి లాగాల్సిందే. "పాలివ్వడం కూడా ఒక పనేనా, ఆ నార అందుకో," అనేది మా అత్త. పిల్ల పెరిగి చంక దిగుతుంటే చెయ్యి మెల్లగా ఖాళీ అవుతుంది, గీతా మెల్లగా తిరుగుతుంది. ముగ్గురిని పెంచిన మా అక్క పళ్ళ మీద గీతలు విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. నావి అలా లేవు. వాలుగీత ఆగిపోయింది, మధ్యలో ఏమీ లేకుండా తిన్నని గీత మొదలైంది. నా చెయ్యి ఒక్కరోజులో ఖాళీ అయింది మరి. పిల్లకి జ్వరం రెండురోజులే. పోయిన నాలుగోనాడు మా అత్త నార కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఇప్పుడు రెండు చేతులూ ఖాళీయేగా. శనివారం సంతకి మూడు బుట్టలు కావాలి." కిలొంజో ఇంకోటన్నాడు, "పిల్ల పేరు ఇంట్లో ఎత్తకు, అశుభం." ఎత్తలేదు. పళ్ళు బిగించి పేనాను.

ఈ దవడ ఎవరిదో ఆవిడ ఒళ్ళోనూ ఎవరో అలాగే తెచ్చి పడేశారు. ఆ దవడ నా మాట కోసమే ఆగి ఉన్నట్టు అనిపించింది. వేటగాడని బోర్డు పడితే ఆ చంకలో పిల్ల ఎప్పుడూ లేనట్టే. నా పిల్లా లేనట్టే. భయమేసింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ కోపమొచ్చింది.

డాక్టర్ బోర్డు పట్టుకుని రానే వచ్చాడు.

"సార్, ఇది ఆడమనిషి. వింటినారి కాదు, బుట్టనార. చంకలో పిల్లతో పేనింది. ఆ పిల్ల పోయింది."

"అచ్చులు తీసే పని నీది తల్లీ, కథలు చెప్పే పని నాది," అని నవ్వాడు.

దవడనీ నా అచ్చునీ భూతద్దంతో సహా ఆయన ముందుకి జరిపాను. వంగి చూశాడు. నవ్వు ఆగింది. అద్దం తిప్పి మళ్ళీ చూశాడు.

"ఇదీ అదే గీత! ఈ రెండో దవడ ఎక్కడ తవ్వారు? నాకెవరూ చెప్పలేదేం? ఎన్నేళ్ళ కిందటిది?"

"తొమ్మిదేళ్ళు సార్," అన్నాను. "నా పిల్ల పేరు మువేని."