మల్లక్క ఎడమ చెయ్యి

మెడ పక్కన వేళ్లతో నాలుగైదుసార్లు మెల్లగా నిమిరి, భుజం మీదికి వచ్చి, అక్కణ్ణుంచి మోచెయ్యి, మణికట్టు, చివరికి వేళ్లు. ఎక్కడ చెయ్యి వేసినా నిమరడం మాత్రం కిందినుంచి పైకే సాగాలి. రెండేళ్లుగా రామలింగప్ప రోజూ తెల్లవారుతూనే చేస్తున్న పని ఇది. మగ్గంలోకి దిగేముందు భార్య ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమురుతాడు. అరచెయ్యి ఆనీ ఆననట్టు ఉండాలి, గట్టిగా నొక్కకూడదు. కర్నూలు పెద్దాసుపత్రిలో వ్యాయామాలు నేర్పించే అరుణజ్యోతి మేడం ఇది చూపించినప్పుడు ఆయన ఒక్కసారికే పట్టుకున్నాడు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు కుంచెను ఒకే దిక్కుకు లాగుతారు, ఎదురు లాగితే పోగులు లేస్తాయి. చెయ్యి కూడా అంతేననుకున్నాడు.

కోడుమూరు మగ్గాల వీధిలో రామలింగప్ప గురించి ప్రత్యేకంగా చెప్పుకునేదేమీ లేదు. పొట్టివాడు, చెవులు కొంచెం పెద్దవి, అరవైకి దగ్గర పడ్డాడు. నేతగాళ్ల సంఘంలో ఎన్నడూ నోరు విప్పలేదు. ఎవరింట్లో పెళ్లయినా పంక్తి చివర కూర్చుని తిని, విస్తరాకు తనే తీసి వచ్చేస్తాడు. ఆయన ఉన్నాడో లేడో తెలియాలంటే మగ్గం చప్పుడు వినాలి. ఆ చప్పుడు ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మాటలన్నీ మల్లక్కవి. పిల్లలు లేని ఆ ఇంట్లో ఇద్దరికి సరిపడా ఆమే మాట్లాడేది.

రెండున్నరేళ్ల క్రితం ఆమె ఎడమరొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి రొమ్ముతోపాటు చంకలోని బిళ్లలు కూడా తీసేశారు. డాక్టర్లు వాటిని లింఫ్ నోడ్లు అన్నారు. గోడమీద అతికించిన బొమ్మ కింద శోషరస కణుపులు అని రాసి ఉంది. ఆ రెండు పేర్లకూ రామలింగప్ప నోరు తిరగలేదు. కాలికి ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ల కడుతుందని మాత్రం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అరుణజ్యోతి మేడం ఆ ముక్క పట్టుకునే విడమరిచి చెప్పింది.

"అవే బిళ్లలు పెద్దాయనా. ఒంట్లో శానా చోట్ల ఉంటాయి. నెత్తురు కాక ఇంకో నీరుంటుంది, సన్నసన్న కాలవల్లో పారతా ఉంటుంది. ఆ నీటిని ఈ బిళ్లలే వడగట్టి పంపిస్తాయి. బయటినుంచి ఏ చెడుగు లోపలికొచ్చినా అక్కడే ఆపి కొట్లాడతాయి. ఈ చేతికి ఇప్పుడు ఆ కావలి లేదు. నీరు పోయే దారి లేక చేతిలోనే నిలబడి వాస్తుంది, అందుకే రోజూ పైకి నిమరాలి. చిన్న గీరుడు కూడా పడకూడదు. ఇన్ఫెక్షన్ వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయొద్దు."

ఇన్ఫెక్షన్ ఎలా ఉంటుందని అడిగి ఉంటే బాగుండేది. రామలింగప్ప అడిగే మనిషి కాదు. ఆయన చూసిన ఇన్ఫెక్షన్ ఒక్కటే, వీధి చివరి కంబన్న కాలికి వచ్చింది. చీము కారింది, గుమ్మంలోకి వాసన కొట్టింది. అందుకని రోజూ పొద్దున, వాపు పెరగకుండా భార్య చేతికి చుట్టిన కట్టు విప్పగానే చీము ఉందేమో చూస్తాడు, వాసన చూస్తాడు. రెండూ లేకపోతే నిశ్చింతగా మగ్గంలోకి దిగుతాడు.

ఆ చెయ్యి రానురాను అరటిబోదెలా వాచింది. బరువుగా, చల్లగా ఉండేది. వాపుకు ఆయన ఎలాగో అలవాటు పడ్డాడు గానీ, ఇన్నేళ్లు తన పక్కన పడుకున్న మనిషి చెయ్యి పరాయిదానిలా చల్లగా తగలడం మాత్రం ఆయన వల్ల కాలేదు. రాత్రిళ్లు నిద్రలో అది తన మీద పడితే ఉలిక్కిపడేవాడు, ఆ తర్వాత ఉలిక్కిపడినందుకు సిగ్గుపడేవాడు. ఆ చెయ్యి మళ్లీ వెచ్చబడాలి, అంతే. చౌడేశ్వరమ్మకు మొక్కుకున్నది కూడా అదే.

ఈ పొద్దున ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

మొదట నమ్మలేక, తన అరచేతుల వేడేమోనని వాటిని పంచెకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. ఎప్పుడూ పాలిపోయి ఉండే చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది.

"మే, ఈ పొద్దు చెయ్యి వెచ్చగుండాదే!"

"నాకూ అట్లనే ఉండాది," అంది మల్లక్క. "రాత్రినుంచి లోపల ఏందో జిమ్మంటాంది."

"రగతం పారతాందేమో."

"పారనీ. రెండేండ్లు నిమిరితివి, ఊరికే పోతాదా? ఇంగ ఆ చేతికి జరీ అంచు కూడా నేసెయ్, ఒక పనై పోతాది."

రామలింగప్ప నవ్వాడు. నవ్వితే ఆయన చెవులు ఇంకొంచెం వెనక్కి పోతాయి. సంతోషం పట్టలేక ఆ రోజు మామూలుకంటే రెండింతలసేపు నిమిరాడు. కట్టు కూడా జాగ్రత్తగా, వేళ్ల దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టాడు.

మగ్గంలోకి దిగి కాళ్లు గుంతలో పెట్టుకున్నాక ఆయనకు ఒంట్లో కొత్త సత్తువ వచ్చినట్టయింది. పేక దారం మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగు తీస్తోంది. పక్కనున్న బుట్ట నిండా కండెలున్నాయి. మల్లక్క చెయ్యి వాచినప్పటి నుంచీ పక్కింటి సోమక్కే వాళ్లకు నూలు చుట్టి కండెలు ఇస్తోంది. ఆమె చుట్టినవి వదులుగా ఉండి నాడెలోంచి దారం జారేది. ఈమధ్య బిగువుగా వస్తున్నాయి. సోమక్కకు పని పట్టుబడిందిలే అనుకున్నాడు. ఎండ నెత్తికెక్కేసరికి చీర కొంగు దగ్గరికి వచ్చింది.

ఆకలేసి లేచి లోపలికి వెళితే పొయ్యి వెలగలేదు. మల్లక్క రెండు దుప్పట్లు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బయట ఎండకు బండలు పగులుతున్నాయి.

"సలి పెడతాందా?"

"కొంచెం. నిన్న ఎండలో మిద్దెక్కితి కదా, తగిలినట్లుండాది. రాత్రి రొట్టెలుండాయి, శెనక్కాయల కారం ఏసుకొని తిను. నాకొద్దు."

నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాడు. కాలుతోంది. ఇంట్లో ఉన్న జ్వరం మాత్ర ఒకటి వేసి, నీళ్లు తాగించి, రొట్టె తిని మళ్లీ మగ్గంలోకి దిగాడు. రాయడానికి కష్టంగా ఉంది గానీ, దిగాడు. జ్వరం ఎవరికి రాదు? చేతికి చీము లేదు, వాసన లేదు. పైగా అది వెచ్చబడింది. నేస్తున్నంతసేపూ ఆయన మనసులో ఒకటే మాట తిరిగింది, అరుణజ్యోతి మేడానికి ఈ సంగతి చెప్పాలి, ఎంత సంతోషిస్తుందో.

ఎండ వాలినాక సోమక్క వచ్చి గడప మీద కూర్చుంది.

"ఏమన్నా, వదిన యాడ? ఓర్వకల్లులో మా చెల్లెలికి బాగలేదంటే పోయింటి. నాల్గు దినాలై పాయె. కండెలకు ఇబ్బంది పడింటారు మీరు."

రామలింగప్ప చేతిలో నాడె ఆగిపోయింది. కండెల బుట్ట వంక చూశాడు. ఒక కండె తీసి వేళ్లతో తడిమాడు. ఇంత బిగువుగా, ఇంత నున్నగా చుట్టే చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఈ కండెలు చూసే ఆయన మల్లక్క మీద మనసు పడ్డాడు. గుంతలోంచి ఎలా లేచాడో తెలియదు, లోపలికి పరిగెత్తాడు.

కట్టు విప్పాడు. చూపుడువేలి మీద దారం కోత ఉంది, సన్నగా, వెంట్రుకంత. ఆ వీధిలో దారం కోత లేని వేలు ఉండదు. ఉమ్ము రాసుకుని పని చేసుకుంటారు. కానీ ఆ కోత దగ్గర మొదలై ఒక ఎర్రగీత మణికట్టు మీదుగా, మోచేతి లోపలి పక్కగా చంకదాకా పోయింది. తెల్లబట్టలో పొరపాటున ఎర్రపోగు పడినట్టుంది. అప్పటికీ ఆయన చీము కోసమే వెతికాడు.

మల్లక్క కళ్లు తెరిచింది.

"కోప్పడాకు. నువ్వు సొసైటీకి పోయినప్పుడు, నిద్రపోయినప్పుడు రోంత రోంత చుట్టింటి. మగ్గం సప్పుడు వింటా ఊరికే కూసోవాలంటే నాకు ప్రాణం పోయినట్లుండాది. చుట్టబట్టే చెయ్యి వెచ్చబడిందనుకుంటిని గదయ్యా."

ఆయన కోప్పడలేదు. కోప్పడటం కూడా ఆయనకు చేతకాదు. సోమక్క చేత అరుణజ్యోతి మేడానికి ఫోను చేయించి చెప్పాడు.

"ఎర్రగా ఉందా? వేడిగా ఉందా? గీత ఉందా?" మేడం గొంతు మారిపోయింది. "అదే పెద్దాయనా ఇన్ఫెక్షన్ అంటే. పొద్దున నిమిరినారా?"

"నిమిరినాను మ్యాడం. రోజూకంటే ఎక్కువే నిమిరినాను."

"ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు నిమరకూడదు, పైకి పాకుతుంది. ఇంక చెయ్యి ముట్టుకోవద్దండి. ఉన్నపళంగా తీసుకురండి."

నూటెనిమిది బండి వచ్చింది. మల్లక్కను ఎక్కించేటప్పుడు వీధి వీధంతా చూస్తూ నిలబడింది. ఏ రవికా పట్టని ఆ చేతికోసం ఆమె ఇంట్లో మొగుడి చొక్కాలే తొడుక్కునేది. ఆ చొక్కాతోనే ఆమెను పడుకోబెట్టారు. "అందరూ సూస్తాండారు, కొంగు కప్పయ్యా" అంది. కప్పాడు.

దారిపొడుగునా ఆమె చెయ్యి ఆయన మోకాలి పక్కనే ఉంది. పెనంలా కాలుతోంది. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ముట్టుకోలేదు. రెండేళ్లుగా ఒకటే పని నేర్చుకున్న చేతులను ఏం చేసుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"రొట్టె తింటివా?" అంది ఒకసారి. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా అంతసేపు ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు. భయం అప్పుడు వేసింది.

ఆసుపత్రిలో నర్సు సూది పట్టుకుని దగ్గరికి రాగానే ఆయన అడ్డం నిలబడి, "ఎడమచేతికొద్దు తల్లీ, ఆ చేతికి కావలి లేదు" అన్నాడు గట్టిగా. పుట్టి బుద్ధెరిగాక పదిమందిలో ఆయన గొంతెత్తడం అదే మొదలు. నర్సు తల ఊపి కుడిచేతికే పెట్టింది. సెలైన్లు ఎక్కించారు, మందులు మార్చారు. సెల్యులైటిస్ అన్నారు, సెప్సిస్ అన్నారు. విషం నెత్తురులో కలిసిందని చిన్న డాక్టరు తెలుగులో చెప్పాడు. నడిరాత్రి దాటాక మల్లక్క పోయింది. గొడవేమీ లేదు. ఊపిరి ఒకటి వచ్చింది, ఇంకొకటి రాలేదు.

ఇంటికి పోవలసిన అరుణజ్యోతి మేడం అక్కడే ఉండిపోయింది. రామలింగప్ప ఆమె ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

"నేను నిమిరినందుకా మ్యాడం?"

"కాదు పెద్దాయనా. మీరు నిమరబట్టే ఆమె ఇన్నాళ్లు హాయిగా ఉండింది" అంది ఆమె. అంటూనే ఏడ్చింది. నిజం చెప్పిందో, ఆయన కోసం చెప్పిందో ఆయనకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు ముట్టుకోవచ్చా అని అడిగాడు. ముట్టుకోమంది. మంచం పక్కన కూర్చుని ఆ చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. చాలాసేపు అది వెచ్చగానే ఉంది. తన మొక్కు ఇలా తీరినందుకు ఆయన గుండె పగిలింది. దేవతను తిట్టలేక, తనను తాను క్షమించుకోలేక, ఆ వేడి దిగిపోయేదాకా చెయ్యి వదలకుండా ఏడ్చాడు.

మట్టి చేసి వచ్చిన మూడో రోజు పొద్దున, వీధి మలుపులో మిషన్ కుట్టే తనూజ ఒక కవరు పట్టుకుని వచ్చింది. గడప దాటి రాలేక అక్కడే నిలబడింది.

"నువ్వు నూలుకు పోయినప్పుడు అత్త నన్ను పిలిపించి కొలతలిచ్చిండె మామా. నీకు చెప్పాకు అనె. అమ్మవారి జ్యోతి పండగనాటికి తొడుక్కొని, నీ ఎంబడి బయటికి రావల్లని శానా ఆశపడింది. ఈయాలో వద్దో తెలీక రెండు దినాలు ఇంట్లోనే పెట్టుకుంటి."

రామలింగప్ప కవరు తీసుకున్నాడు. లోపల రవిక ఉంది. ఆయన నేసిన ఆకుపచ్చ చీరలోని గుడ్డే. కుడిచెయ్యి మామూలుగా ఉంది. ఎడమచెయ్యి దిండు గలీబంత వెడల్పు. గుడ్డ చాలక అతుకు వేసి, తొడుక్కోవడానికి వీలుగా పొడుగునా హుక్కులు పెట్టింది తనూజ.

"లోపల సుద్దతో గీతలు గీయమనె," అంది తనూజ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "మా ఆయన నిమురుతాండాడు, వాపు తగ్గుతాది, తగ్గేకొద్దీ ఒగొగ గీతమింద కుట్టేసుకుంటా వస్తానని చెప్పె."

ఆమె వెళ్లిపోయాక రామలింగప్ప మగ్గం గట్టుమీద కూర్చుని రవికను తిరగేశాడు. ఎడమచేతి లోపలి పక్కన, పైనుంచి కిందికి, మూడు నీలం సుద్దగీతలున్నాయి. మూడోది సరిగ్గా కుడిచేతి కొలతకు ఉంది.