మూడు మొండి చుక్కలు

మెదక్ చర్చి రోడ్డులో జిరాక్సు షాపు పైన ఒక గది ఉంది. కిటికీలకు నల్లగుడ్డ, లోపల రెండు పెద్ద తెరలు, చప్పుడెక్కువ గాలి తక్కువ కూలరు ఒకటి, వాటి మధ్య నిస్సి. రామాయంపేట నుంచి నర్సాపూర్ దాకా ఎవరింట్లో పెళ్లయినా, ఫోటోగ్రాఫర్లు తీసిన వీడియో చివరికి ఈ గది మెట్లెక్కాల్సిందే. కోసి, అతికించి, రంగులు సరిదిద్ది ఇవ్వడం ఆమె పని. పద్నాలుగేళ్లుగా అదే పని. పెళ్లిళ్లు ఊరివాళ్లవి, నిద్రలేమి మాత్రం ఆమెది.

ఈ సీజను పోతూ పోతూ ఆమె కుడి మణికట్టును కూడా పట్టుకుపోయింది. పొద్దంతా మౌస్ పట్టుకుని ఒక్కో ముఖానికి రంగు దిద్దితే ఇంకేమవుతుంది? చేతికి రెస్టు ఇవ్వమన్నాడు డాక్టరు. చేతికి రెస్టిస్తే నోటికి కూడా ఇవ్వాల్సి వస్తుందని పాపం ఆయనకెవరు చెప్పాలి!

అందుకే కంట్రోల్ ప్యానెల్ మీద మనసు పడింది. నర్సాపూర్‌లో ఇదే పని చేసే కృష్ణమోహన్ తన ప్యానెల్‌ను వారం రోజులకు ఇచ్చాడు. "వాడి చూడక్కా, నచ్చితే నువ్వొకటి తెప్పిచ్చుకో. గని పాడు జేస్తివా, తీస్కపోయి అడవిల ఇడిసిపెడత," అని మరీ ఇచ్చాడు. చపాతీ పీటంత పలక. దాని మీద మూడు బంతులు, పైన వరసగా తిప్పే మరలు. ఒక బంతి నీడలకు, ఒకటి నడిమి రంగులకు, ఒకటి వెలుగుకు. బంతిని అరచేత్తో అటూ ఇటూ దొర్లిస్తే తెర మీద రంగు ఆ పక్కకు ఒరుగుతుంది. రెండు చేతులూ పని పంచుకుంటాయి కాబట్టి మణికట్టు కొంచెం ఊపిరి పీల్చుకుంది.

అంతటితో తేలితే బాగానే ఉండేది. కానీ వీడియోలో నాయిస్ అనే పీడ ఇంకొకటి ఉంది. చీకట్లో తీసిన బొమ్మ నిండా చీమల్లా ముసురుకునే చుక్కలు అవి. అప్పగింతలు చీకటి పడ్డాకే, బరాత్ చీకటి పడ్డాకే, కరెంటు పోవడమూ అప్పుడే. ఆ చుక్కలు తుడిచే సాఫ్ట్‌వేర్లు మూడు రకాలు ట్రయల్‌కు తెచ్చుకుంది. ప్యానెలా, సాఫ్ట్‌వేరా, రెంటిలో ఒక్కటే కొనడం ఆమె వల్లయ్యేది. అందుకని నోటుబుక్కులో పంతులమ్మలా మార్కులు వేస్తూ కూర్చుంది.

పరీక్ష పెట్టడానికి ఆమె దగ్గర ఒకే ఒక్క ముక్క ఉంది. పేరు "చీకటి టెస్ట్", నిడివి ఆరు సెకన్లు. ఏ పెళ్లిదో, ఎప్పుడు దాచుకుందో ఎప్పుడో మరిచిపోయింది. నాయిస్ ఇంత ఘోరంగా ఉన్న ముక్క మళ్లీ దొరకదని మాత్రమే దాచింది. టెంటు గుంజ పక్కన ఒక నడివయసు ఆమె, చేతిలో విస్తరాకుల కట్ట. ఇటు తిరిగి ఏదో అంటుంది, కొంగుతో మూతి తుడుచుకుంటుంది. ఆరో సెకనులో ఆమె మీది లైటు పక్కకు జారిపోతుంది. అంతా చీకటి. ఆ లైటు పట్టినవాడు ఎవడోగాని, ఇంకో రెండు సెకన్లు పట్టుంటే వాడి సొమ్మేం పోయేదని నిస్సి ఆ ముక్క వేసినప్పుడల్లా తిట్టుకునేది.

మొదటి సాఫ్ట్‌వేరు చుక్కల్ని సగమే తుడిచింది. రెండోది ఇంకొంచెం నయం, కానీ ఆమె గడ్డం దగ్గర మూడు మొండి చుక్కలు వదిలేసింది. మూడోది వాటిని కూడా నున్నగా ఎత్తేసింది. ముఖం కడిగిన పింగాణీ ప్లేటులా వచ్చింది. నిస్సి దానికి పదికి తొమ్మిది వేసి, కళ్లు నులుముకుని, ఇక ఇదే కొందామనుకుంది. ప్యానెల్‌ను కృష్ణమోహన్‌కు తిరిగి పంపించేద్దామనుకుంది. నిర్ణయం చేసిన సంతోషం కూడా రాలేదు. అంత అలసిపోయి ఉంది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, భుజాన తువ్వాలు, చంకలో పేపరు చుట్టిన ఫ్రేము.

"నమస్తే బిడ్డా. నా పేరు ఎల్లం, మాది కౌడిపల్లి. ఫోటోలు దీసే రఘుపతి పంపిండు. మూడేండ్ల కింద మా బిడ్డ అరుణ పెండ్లి వీడియో నువ్వే జేసినవంట గదా."

"చేసే ఉంట పెద్దనాయినా. కూసోండ్రి. ఏం గావాలె?"

ఆయన కూర్చోకుండానే ఫ్రేము విప్పాడు. పెళ్లి వీడియోలోంచి తీయించి పెద్దది చేయించిన ఫోటో. మెరిసే పట్టుచీర కట్టుకున్న ఒక ఆమె.

"మా ఆడామె బాలలక్ష్మి. పోయిన వారం పానం ఇడిసింది. రేపే దినాలు. పటం పెట్టాలె గదా అని గిది జేయిస్తి. ఇంట్ల పెడితే నాకే కొత్తగొట్టింది. గిండ్ల మా ఆమె లేదు బిడ్డా. ఎవరో పట్నం ఆమె ఉన్నది."

"వేరే ఫోటో లేదా పెద్దనాయినా?"

"దిగితే గదా! కెమెరా కనబడ్తె మూలకు ఉరికేది. ఆధార్ కార్డు మీద ఒకటుంది, గది పగోనికి గూడ వద్దు." నవ్వబోయి ఆగిపోయాడు. "నీ తాన అసలు వీడియో ఉంటది గదా. జర గండ్లకెళ్లి ఆమెను తీసియ్యి."

నిస్సి పాత డిస్కు పెట్టి అరుణ పెళ్లి తెరిచింది. బాలలక్ష్మి నాలుగైదు చోట్ల ఉంది. అన్ని చోట్లా తెల్లగా, నున్నగా, ముడత లేకుండా ఉంది. ఎవరు చేశారని అడగక్కర్లేదు. ఇక్కడ పెళ్లివాళ్లు డబ్బాలో మిఠాయి పెట్టిచ్చి చెప్పే మాట ఒక్కటే, "ఛాయ జర తేల్చుండ్రి" అని. పద్నాలుగేళ్లలో అది చెప్పించుకోకుండానే ఆమె చెయ్యి చేసేస్తుంది. పెళ్లికూతురికే కాదు, మామకూ, మేళగాడికీ, విస్తళ్లు ఎత్తే ఆమెకూ అదే తెలుపు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఛాయ తేలిందిగాని మనిషి పోయింది.

కెమెరాలోంచి వచ్చిన అసలు వీడియో? ఏడాది దాటితే డిస్కు తుడిచి ఇంకో పెళ్లికి వాడుకోవడం ఇక్కడ అందరి పద్ధతి. ఆ మాట ఆయనకు చెప్పడానికి నిస్సికి నోరు రాలేదు. కానీ చెప్పాలి కదా, చెప్పింది.

ఎల్లం అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కోపం చేస్తే నిస్సికి కొంచెం తేలికయ్యేది. ఆయన చేయలేదు.

"పోనీ బిడ్డా. నువ్వేం జేస్తవ్. రేపు వచ్చినోళ్లు గీ పటానికే దండం పెడ్తరు, ఎవల్లకో పెట్టినట్టు." ఫ్రేము మళ్లీ పేపర్లో చుట్టసాగాడు. "మా ఆమె సామనఛాయ. గింత తెల్లగ ఏడుంటది, పొద్దంత ఎండల, వరిమడిల ఉండె మనిషి. గదుమ మీద మూడు చుక్కల పచ్చబొట్టు. చిన్నప్పుడు ఏడుపాయల జాతరల పొడిపిచ్చుకున్నదట. గవ్వి గూడ లేకపాయె."

నిస్సి చేతిలో మౌస్ ఆగిపోయింది.

నోటుబుక్కు ఎదురుగా తెరిచే ఉంది. "గడ్డం దగ్గర మూడు మొండి చుక్కలు పోలేదు" అని రెండోదానికి ఆరు. "పూర్తిగా పోయాయి" అని మూడోదానికి తొమ్మిది. నెల రోజులుగా ఆమె ఆ ముఖాన్ని చూస్తోంది. చూసింది చుక్కల్నే, మనిషిని కాదు. పచ్చబొట్టు తెలియని ఊళ్లో పుట్టిందా అంటే అదీ కాదు. ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది.

"పెద్దనాయినా, ఆగుండ్రి. ఒక్కటుంది, చూడుండ్రి."

చీకటి టెస్ట్ తెరిచింది. ఏ సాఫ్ట్‌వేరూ తాకని అసలు ముక్క. తెరంతా చుక్కలు చీమల్లా కదులుతున్నాయి. వాటి వెనక నీలంగా, మసకగా, విస్తరాకుల కట్టతో ఆమె ఇటు తిరిగింది. లక్ష చుక్కలు ఎగురుతుంటే గడ్డం మీద మూడు మాత్రం ముఖంతో పాటే తిరిగాయి.

ఎల్లం లేచి నిలబడ్డాడు. తెర దగ్గరికి ముఖం తెచ్చాడు. తర్వాత, "గిదే," అన్నాడు. "గిదే బిడ్డా, గిదే."

నిస్సి తెర మీద వేలు పెట్టింది. "ఈ దుమ్ములెక్క ఎగిరే చుక్కలు తీసెయ్యాల్నా?"

"ఏం చుక్కలు?" అన్నాడాయన. ఆయనకు అవి కనబడనే లేదు.

ఇక ముఖం మీది నీలం విరగ్గొట్టి ఛాయ తేవాలి. ఎంత సామనఛాయ? చెరకు బెల్లం రంగా, చింతపండు రంగా? నిస్సికేం తెలుసు? ఆమెకు తెలిసింది ఒక్క తెలుపే. నడిమి బంతి మీద చెయ్యి పెట్టి, తీసేసింది. ప్యానెల్‌ను ఆయన వైపు జరిపింది.

"ఆమె ఛాయ నాకు తెల్వది పెద్దనాయినా. మీరే తిప్పుండ్రి."

"అమ్మో, నేనా? ఖరాబైతది!"

"ఏం గాదు. మెల్లగ దొర్లియ్యుండ్రి."

ఎల్లం అరచెయ్యి తువ్వాలుకు తుడుచుకుని బంతి మీద పెట్టాడు. ముందు బాలలక్ష్మి పచ్చబడింది. బెదిరి ఇటు తిప్పితే ఎర్రబడింది. "అరె, జరమొచ్చినట్టున్నది," అని గొణుక్కున్నాడు. ఆ తర్వాత తొందరపడలేదు. పసిపిల్ల తల నిమిరినట్టు ఇంత, ఇంకింత. నిస్సి పద్నాలుగేళ్లలో ఏ ముఖం మీదా అంతసేపు నిలబడింది లేదు. ఒకచోట ఆయన చెయ్యి దానంతటదే ఆగింది. నున్నటి మట్టికుండ రంగు. ఆ రంగు మీద మూడు పచ్చటి చుక్కలు తేటగా నిలిచాయి.

పటానికి ఆ బొమ్మను తీసి పక్కన పెట్టింది నిస్సి. పని అయిపోయింది. ఆయన కదల్లేదు.

"ఒక్కసారి నడిపియ్యి."

వేసింది. బాలలక్ష్మి ఇటు తిరిగి ఏదో అంది, మూతి తుడుచుకుంది, లైటు జారింది, చీకటి.

"ఏమంటున్నదో?" అంది నిస్సి. "టెస్టుకేగదా అని సౌండు తీసేసిన."

"నాకెందుకు సౌండు. గా లైటు పట్టింది నేనే." ఎల్లం తెర మీది చీకటినే చూస్తున్నాడు. "కరెంటు వొయ్యింది. జర సెల్లు లైటు కొట్టుండ్రి అన్నడు రఘుపతి. ఊకె ఈమె దిక్కు కొట్టిన. 'నా మీదెందుకు కొడ్తవ్, పిల్ల మీద కొట్టు' అన్నది. తిప్పేసిన."

రోజూ తిట్టిన చెయ్యి తన పక్కనే, బంతి మీద ఉంది. నిస్సి ఆ చేతి వంక చూడలేకపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"మళ్లీ ఎయ్యాల్నా పెద్దనాయినా?"

"ఎయ్యి బిడ్డా," అన్నాడు ఎల్లం. "ఈసారి లైటు తియ్యను."

నిస్సి మళ్లీ నొక్కింది.