గ్రావెల్ కింద బోదె

వట్లూరు శివారులో చేల నీరు పోయే మురుగు బోదెలోకి టిప్పర్లు గ్రావెల్ కుమ్మరిస్తుంటే పాపారావు గట్టు మీద నిలబడి చూశాడు. అడ్డుపడలేదు సరికదా, లోలోపల సంబరపడ్డాడు. అవును, సంబరపడ్డాడు! దిగువనున్న చేను శివరామయ్యది, ముందు మునిగేది అదే. కొత్త రోడ్డు ఆయన చేనుని ఆనుకుని పోయి దాని ధర పెరిగింది, పాపారావు చేను వెనకబడిపోయింది. మొన్నటిదాకా ఇద్దరిదీ ఒకే మట్టి, ఒకే పంట. ఇప్పుడు ఊరంతా ఆయనకే నమస్కారాలు. అప్పటినుంచీ పాపారావుకి అన్నం సహించడం లేదు. గట్టు చెక్కేటప్పుడు ఏటేటా పార ఆయన వైపే జరిగేది. ఆయనా తక్కువ తినలేదు. వీళ్లిద్దరూ గట్టు కోసం కొట్టుకుంటుంటే, లేఅవుట్ వేసే మధుబాబు ఏకంగా బోదెనే మింగేశాడు.

వాన పడింది. శివరామయ్య నాట్లు మునిగాయి. పాపారావు ఆ పూట కడుపునిండా తిన్నాడు. తెల్లారేసరికి నీళ్లు ఎగదన్ని అతని చేనూ మునిగింది. దిగువ నిండితే ఎగువకు రాదా? నీళ్లలో పుట్టి పెరిగిన రైతుకి ఆ మాట తెలియదా! కడుపుమంట కళ్లు కప్పేసింది.

రైతులు రైసుమిల్లు ఆవరణలో చేరారు. పక్క హాస్టల్ విద్యార్థులూ వచ్చారు. వాళ్ల గదుల్లోకీ ఆ నీళ్లే.

"ఊరు పెరగొద్దంటారా ఏంటండీ? కాలేజీ వచ్చాకే కదా మన పాలు గుమ్మంలోనే అమ్ముడవుతున్నాయి, మా అమ్మాయి చదువుకుంటోంది" అన్నాడు సత్తిబాబు అనే రైతు.

"పెరగాలండీ. నీళ్ల దారి మీద పెరగకూడదండీ" అంది హాస్టల్ పిల్ల గీతాంజలి. "మాకు గది కావాలి, మీకు చేను కావాలి. రెంటినీ ముంచినవాడు ఒక్కడేనండీ."

"శివరామయ్య గారికేమండీ, అమ్ముకుని పోతారు" అని దెప్పాడు పాపారావు.

శివరామయ్య లేచాడు. "నన్ను చూసి ఏడవకు పాపారావూ. నోరు మెదపకుండా ఉంటే లేఅవుట్లో మూల ప్లాటు నాకిస్తానన్నాడు మధుబాబు. ఇంకెవరికన్నాడో చేతులెత్తండి."

ఒక చెయ్యి లేచింది. ఇంకోటి లేచింది. పాపారావుది సిగ్గుపడుతూ లేచింది. చివరికి రైతులందరి చేతులూ పైనే ఉన్నాయి. అందరికీ ఆశ చూపింది ఒకే ప్లాటు!

ఇన్నాళ్లూ పక్కవాణ్ని కాల్చిన మంట పాపారావులో మొదటిసారి సరైన వైపు తిరిగింది. "మనలో మనకి ఓర్వలేనితనమే వాడి పెట్టుబడండీ!" అని అరిచాడు.

ఆ మధ్యాహ్నమే పలుగులు, పారలతో బోదె మీదకు నడిచారు. విద్యార్థులు తట్టలందుకున్నారు. మధుబాబు పిలిపించిన పోలీసులు వచ్చి, ముందున్న శివరామయ్యను జీపెక్కించారు.

పాపారావుకి ఒళ్లు మండిపోయింది. ఇక్కడా ఆయనే ముందా?

"ఏవండీ ఎస్సై గారూ! మొదటి పార వేసింది నేనండీ. ఆయన్నెలా ఎక్కించుకుంటారు? నన్నెక్కించుకోండి!"

"మొదటి తట్ట నాదండీ!" అంది గీతాంజలి.

"నేనండీ!" "మమ్మల్నొదిలేస్తారేంటండీ!" జనం జీపు మీదకి ఎగబడ్డారు. ఎస్సైకి ఎవర్ని తొయ్యాలో, ఎవర్ని ఎక్కించాలో తోచలేదు. పాపారావు సందు చూసుకుని ఎక్కేశాడు. శివరామయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు.

జీపు కదిలినా పారలు ఆగలేదు. చివరికి గ్రావెల్ కట్టకి గండి పడింది. ఎర్రటి నీళ్లు కొల్లేటి వైపు ఉరికాయి.